స్కోప్ లెన్స్ సరిచేయడం వస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీఎస్సీ (ఎంపీసీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తాతయ్య సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశారు. హాలు మూసేశాక తెచ్చుకున్న స్కోప్ లెన్స్ (ఫిల్మ్ మీద పక్కలనుంచి నొక్కి ఉన్న బొమ్మను తెర మీద వెడల్పుగా సాగదీసేది) ఇప్పటికీ ఇంట్లో ఉంది. దాన్ని బిగించడం, సరిచేయడం నాకు నేర్పారు. ఈ పనిలోనే స్థిరపడాలని ఉంది. నాన్న మాత్రం బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. ఫిల్మ్ ప్రొజెక్టర్ నడిపే ఉద్యోగం మన హాళ్లలో ఇక లేదు. 2010 తర్వాత కొన్నేళ్లలోనే దాదాపు అన్నీ డిజిటల్‌కు మారిపోయాయి. ఇప్పుడు 2కే స్కోప్ సినిమా అంటే 2048×858 పిక్సెళ్ల బొమ్మ. అది ఫిల్మ్ మీద బొమ్మలా నొక్కుకుని ఉండదు కాబట్టి, సాగదీసే లెన్స్‌తో పనిలేదు.

అలాగని తాతయ్య నేర్పింది వృథా అనుకోకండి. తెలుగులో తొలి స్కోప్ సినిమా 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. ఆ తర్వాత ఊరూరా ఆపరేటర్లకు ఈ లెన్స్ అలవాటైంది. మా చిన్నప్పుడు మామూలు లెన్స్‌తో వేసే యాడ్లు అయిపోయాక స్కోప్ లెన్స్ పెట్టడం మరిచిపోతే హీరో తాటిచెట్టంత పొడుగ్గా, సన్నగా కనిపించేవాడు. నేల క్లాసు ఈలలతో దద్దరిల్లేది. ఆ తప్పు ఎవరైనా పట్టేస్తారు. లెన్స్ పెట్టాక మిగిలే చిన్న తేడా పట్టుకోవడమే అసలు పని.

మీకు తెలిసిందే అయినా మీ నాన్నగారి కోసం రాస్తున్నాను. గళ్ల బొమ్మ ఉన్న టెస్ట్ ఫిల్మ్ తెర మీద వేసి, ముందు మామూలు లెన్స్‌తో అడ్డగీతలు స్పష్టంగా వచ్చేలా ఫోకస్ పెట్టాలి. తర్వాత స్కోప్ లెన్స్ రింగు తిప్పుతూ నిలువుగీతలు చూడాలి. అది బొమ్మను పక్కలకే రెండింతలు సాగదీస్తుంది కాబట్టి, దూరం సరిగ్గా కుదరకపోతే మసకబారేది నిలువుగీతలే. ఇక లెన్స్ దాని బిగింపులో ఒక్క పిసరు పక్కకు తిరిగి ఉన్నా, అడ్డగీత, నిలువుగీత కలిసే చోటి ప్లస్ గుర్తు ఎక్స్ వైపు ఒరిగిపోతుంది. ఏ గీత చెడింది, దానికి ఏది తిప్పాలి అని చెప్పగలిగే కన్ను మీకుంటే అదే మీ సర్టిఫికెట్.

ఆ నైపుణ్యాన్ని అమ్ముకునే చోటు హైదరాబాద్‌లోనే ఉంది. హాళ్లలోంచి పోయిన ఈ లెన్స్ షూటింగుల్లో బతికే ఉంది. కెమెరాలు, లెన్సులు అద్దెకిచ్చే సంస్థల్లో షూటింగుకు పంపేముందు ప్రతి లెన్స్‌నూ చార్ట్ ముందు పెట్టి పరీక్షిస్తారు. వెతికే తప్పులు చాలావరకు ఇవే. నా ఓటు దీనికే. అయితే మొదట్లో పెట్టెలు మోయడం, లెన్సులు తుడవడంతోనే సరిపోతుంది. జీతం తక్కువ, వేళాపాళా ఉండదు. నాన్నకు ఆ సంగతి దాచకండి.

చదువు మీద మనసుంటే ఎంఎస్సీ ఫిజిక్స్, ఆపైన గేట్ రాసి ఐఐటీ ఢిల్లీలో అప్లైడ్ ఆప్టిక్స్ ఎంటెక్. పాత ఫిల్మ్ మీదే ప్రేమ అయితే పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ముంబైకి చెందిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఫిల్మ్ పరిరక్షణపై వర్క్‌షాప్‌లు పెడుతుంది, 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది. అక్కడ ఉద్యోగాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిజిటల్ ప్రొజెక్టర్ల సర్వీసింగ్‌కైతే ఎలక్ట్రానిక్స్ రావాలి.

డిగ్రీ మాత్రం మానకండి. బ్యాంక్ కోచింగ్ సంగతి మూడో సంవత్సరం అయ్యాక చూద్దామని నాన్నను అడగండి. ఈ సెలవుల్లో తెల్ల కాగితం మీద ప్లస్ గుర్తు గీసి గోడకు అంటించి, స్కోప్ లెన్స్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ దానిలోంచి ఫోటోలు తీయండి. ఒక్కో ఫోటో కింద ఎటు, ఎంత తిప్పారో రాయండి. ఆ నోట్‌బుక్ పట్టుకుని రెంటల్ సంస్థకు వెళ్లండి. అన్నట్టు, లెన్స్ మీద బూజు పట్టి ఉంటే లుంగీ అంచుతో రుద్దేరు, పైనున్న కోటింగ్ పోతుంది.