‘పీటర్ అవుట్’ అనే ఆంగ్ల క్రియను ఎప్పుడు వాడాలి?

‘వాన ఆగిపోయింది’ అనడానికి ఆంగ్లంలో ‘పీటర్ అవుట్’ వాడవచ్చా అన్నది ప్రశ్న. వాన ఎలా ఆగిందన్న దానిమీద జవాబు ఆధారపడుతుంది. జోరు తగ్గి, తుంపరగా మారి, చివరకు ఎప్పుడు వెలిసిందో తెలియకుండా వెలిస్తే ‘ద రెయిన్ పీటర్డ్ అవుట్ బై ఈవినింగ్’ అనడం సరైనదే. ఉన్నట్టుండి ఆగితే ‘స్టాప్డ్’ అంటే చాలు. 19వ శతాబ్దపు అమెరికా గనుల్లో ఖనిజపు పొర తవ్వేకొద్దీ సన్నబడి కనుమరుగవడాన్ని ఈ మాటతో చెప్పేవారు కనుక, క్రమంగా సన్నగిల్లడమనే భావం దీనికి నాటినుంచీ ఉన్నదే. అడవిలోకి వెళ్లేకొద్దీ ఆనవాలు లేకుండా పోయే కాలిబాటకు, మాటలు కరవై ముగిసే సంభాషణకు, జనం పలచబడి చల్లారిన ఉద్యమానికి ఇది చక్కగా నప్పుతుంది. ఇది అకర్మక క్రియ కాబట్టి ‘దే పీటర్డ్ అవుట్ ద ప్రొటెస్ట్’ అనకూడదు. దీనికి దగ్గరిదైన ‘ఫిజిల్ అవుట్’లో మాత్రం, ఆర్భాటంగా మొదలై తడిసిన చిచ్చుబుడ్డిలా తుస్సుమన్నదనే ఎత్తిపొడుపు తరచూ ఉంటుంది, ఎన్నికల ముందు హడావిడి చేసి, తర్వాత ఊసే లేకుండా పోయిన పథకానికి అదే తగినది.