నైలాన్ టెస్టింగ్ మొదలుపెడుతున్న మేనకోడలికి

అమ్మాయీ,

ఆశీస్సులు. నైలాన్ 6 బ్రాకెట్ ప్రాజెక్టు నీకు అప్పగించారని, సిమ్యులేషన్ త్వరగా చూపించమంటున్నారని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సిమ్యులేషన్ నాలుగు రోజులు ఆలస్యమైతే అయింది, టెస్టింగ్ దగ్గర మాత్రం తొందరపడకు.

ముందు తేమ సంగతి చూడు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అచ్చులోంచి అప్పుడే తీసిన పొడి ముక్క మాడ్యులస్, అంటే లాగితే సాగకుండా నిలిచే గట్టిదనం, సుమారు 3 గిగాపాస్కల్స్ ఉంటుంది. 50 శాతం తేమ ఉన్న గాలిలో నిలకడకు వచ్చాక అదే ముక్కది 1 దగ్గరికి దిగిపోతుంది. డేటాషీట్‌లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి బాగున్న పెద్ద అంకెను తీసుకోకు. శాంపిల్స్ అచ్చులోంచి రాగానే తేమ చొరబడని కవర్లలో సీల్ చేయించు. కొన్ని పొడిగానే ఉంచు. మిగతావాటిని 70 డిగ్రీలు, 62 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టు. మామూలు గదిలో అయితే నెలలు పట్టే పని అక్కడ త్వరగా అయిపోతుంది. టెస్టుకు ముందు ప్రతి ముక్కనూ తూచి, ఆ బరువును గ్రాఫ్ మీదే రాయి.

మాడ్యులస్‌ను మెషీన్ దవడలు కదిలిన దూరాన్ని బట్టి లెక్కకట్టకు. ముక్క దవడల్లో కాస్త జారుతుంది, మెషీనూ కాస్త సాగుతుంది. ఎక్స్‌టెన్సోమీటర్ (ముక్క సాగుదలను నేరుగా కొలిచే పరికరం) తప్పకుండా పెట్టించు. విరిగిన ముక్కల్ని పారెయ్యకు. విరిగిన చోట భూతద్దంతో చూస్తే ఒక్కోసారి చిన్న బుడగో, నల్లటి మచ్చో కనిపిస్తుంది. ఆ ముక్క ఎందుకు ముందే విరిగిందో అక్కడే తెలుస్తుంది.

ఇక కాలం. పాలిమర్ ఎంత బలం తట్టుకుంటుందన్నది ఎంత వేగంగా, ఎంత సేపు, ఎంత వేడిలో అన్నవాటి మీద ఆధారపడుతుంది. 1986 జనవరి 28న కూలిన అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌లో రబ్బరు ఓ-రింగులు (అతుకులను మూసే వలయాలు) చలికి బిగుసుకుపోయి, నొక్కుడు వదిలాక సమయానికి తిరిగి ఉబ్బలేకపోయాయి. ఆ ప్రమాదం విచారణలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి ఐసు నీళ్లలో ముంచి అందరి ముందూ చూపించాడు. నీ బ్రాకెట్ మీద బోల్టు బరువు ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక్క వేగంతో లాగిన ఒక్క గ్రాఫు దానికేం సరిపోతుంది? కనీసం మూడు వేగాలు, మూడు ఉష్ణోగ్రతలు, వాటితోపాటు క్రీప్ టెస్టు (బరువు అలాగే ఉంచి, కాలంతో ఎంత సాగుతుందో చూసేది) చేయించు.

వేడి పెంచి త్వరగా చేసిన టెస్టుల నుంచి ఏళ్ల తర్వాతి ప్రవర్తనను అంచనా వేసే పద్ధతి ఉంది. ఆ అంచనాకు వాడే డబ్ల్యు.ఎల్.ఎఫ్. సమీకరణంలోని 17.44, 51.6 స్థిరాంకాలను పుస్తకంలోంచి ఎత్తి పెట్టకు, నీ డేటా నుంచి తీసుకో. తేమ పట్టిన నైలాన్‌తో ఇంకో చిక్కుంది. వేడి చేస్తుంటే అది ఎండిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక పదార్థం, వేడెక్కాక ఇంకో పదార్థం. ఆ రెండు గ్రాఫుల్నీ అతికిస్తే గీత నున్నగానే వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. ఛాంబర్‌లో తేమను అదుపు చేయలేకపోతే పొడి ముక్కలకే ఆ పద్ధతి వాడు.

గట్టిదనం కాలంతో తగ్గే తీరును సిమ్యులేషన్‌కు చెప్పే ప్రోనీ సిరీస్‌లో పదాలు పెంచుకుంటూ పోతే ఏ డేటాకైనా గీత కుదురుతుంది. అందుకే ఒక వంపు టెస్టును ఫిట్టింగ్‌లో కలపకుండా పక్కన పెట్టు. ముందు మోడల్ ఏం చెబుతోందో కాగితం మీద రాసి, తేదీ వేసి, ఆ తర్వాతే మెషీన్ ఆన్ చెయ్యి. తేడా వస్తే అంకెల్ని సర్దేయకుండా నాకు ఫోన్ చెయ్యి. ఫిట్ చేసిన గీతలు కాదు, మెషీన్ ఇచ్చిన అసలు డేటా, ముక్కల బరువులు పంపు.

మీ మావయ్య