ఇంకా పెద్దమనిషి కాని అమ్మాయిని నర్సమ్మ చెప్పే పీరియడ్స్ క్లాసుకు పంపాలా?

ఏడో తరగతి చదివే మీ అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదనీ, స్కూలుకు ఏఎన్‌ఎం వచ్చి నెలసరి గురించి క్లాసు చెబుతుందట అనీ రాశారు. ఇప్పుడే ఇవన్నీ ఎందుకు, టైమొచ్చినప్పుడు నేనే చెప్పుకోనా అని అడిగారు.

పంపండమ్మా. ఇంకా కాలేదు కాబట్టే పంపండి.

నేను ప్రకాశం జిల్లాలో పదిహేడేళ్లుగా ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఒకసారి టీకాల పని మీద స్కూలుకు వెళ్తే, ఆరో తరగతి పిల్ల ఒకతి మధ్యాహ్నం నుంచి బాత్రూంలోంచి బయటికి రావట్లేదని ఆయమ్మ చెప్పింది. తలుపు అవతలి నుంచి ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి మాట, "మేడమ్, నాకు క్యాన్సరా?" అని. బట్టల మీద రక్తం చూసుకుని రెండు గంటలు ఒక్కతే ఆ భయంతో కూర్చుంది. వాళ్లమ్మ మంచావిడే. మీలాగే టైమొచ్చినప్పుడు చెబుదామనుకుంది. ఆ టైము ఎప్పుడొస్తుందో మనకు ముందు తెలియదు కదా.

ఈ క్లాసుల వల్ల నిజంగా ఉపయోగం ఉందా అనీ అడిగారు. అది ఎలా చెబుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను మొదట్లో చెప్పిన క్లాసుల వల్ల పెద్దగా ఉపయోగం లేదు. చార్టు గోడకు తగిలించి, గర్భసంచి, అండాశయం అంటూ చదువుకుంటూ పోయేదాన్ని. పిల్లలు తలలు దించుకుని కూర్చునేవాళ్లు. డౌట్లున్నాయా అంటే ఒక్క చెయ్యి లేచేది కాదు. సైన్సు పుస్తకంలో ఆ పాఠం వచ్చినప్పుడు ఇంట్లో చదువుకోండి అని వదిలేసే టీచర్లను చూశాను. నేను చేసిందీ దాదాపు అదే.

తర్వాత పద్ధతి మార్చాను. అందరికీ తలా ఒక చీటీ ఇస్తాను. పేరు రాయొద్దు, కానీ అందరూ ఏదో ఒకటి రాయాలి. అడగడానికేమీ లేకపోతే 'ఏమీ లేదు' అనైనా రాయాలి. అప్పుడు ఎవరు ఏం రాశారో పక్కపిల్లకు కూడా తెలియదు. ఖాళీ మందుల డబ్బాలో వేయించి, అక్కడే ఒక్కొక్కటీ తీసి జవాబు చెబుతాను. క్లాసంతా ఆ చీటీల మీదే నడుస్తుంది.

ఏం రాస్తారో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. అబ్బాయి పక్కన కూర్చుంటే కడుపొస్తుందా? ఆ రోజుల్లో ఆవకాయ జాడీ ముట్టుకుంటే నిజంగా బూజు పడుతుందా? రక్తమంతా పోయి చచ్చిపోతామా? ఈ చివరి దానికి నేను కుంకుమ కలిపిన నీళ్లు పట్టుకెళ్తాను. ఒక నెలసరిలో మొత్తం పోయే రక్తం సగటున 30-40 మిల్లీలీటర్లు. ఆ నీళ్లు కొలిచి టీ గ్లాసులో పోస్తే సగం కూడా నిండవు. అది చూశాక పిల్లల మొహాల్లో టెన్షన్ పోవడం కనిపిస్తుంది. అలాగని ఎక్కువైనా ఫరవాలేదని అనను. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటినా ఆగకపోయినా డాక్టరుకు చూపించాలి. మొదటి రెండు మూడేళ్లు నెలనెలా సరిగ్గా రాకపోవడం మామూలే. పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోతే మాత్రం చూపించాలి.

ప్రతి క్లాసులో వచ్చే చీటీ ఇంకొకటి ఉంది: "ప్యాడ్ పెట్టుకుంటే యూరిన్‌కు ఎలా వెళ్లాలి?" మూత్రం దారి వేరు, నెలసరి వచ్చే దారి వేరు అని చాలామంది పిల్లలకు తెలియదు. అందుకే పొద్దుటి నుంచీ నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటారు. మంట, చలిజ్వరం తెచ్చుకుంటారు. మూత్రానికి, నెలసరికి, విరేచనానికి దారులు వేరని బోర్డు మీద మూడు చుక్కలు పెట్టి చెబితే అయిపోయే విషయం ఇది. ఈ మాట చెప్పినప్పుడు వెనక నిలబడ్డ ఒక టీచరమ్మ, ముగ్గురు పిల్లల తల్లి, "నాకూ ఇప్పుడే తెలిసింది సిస్టర్" అంది. ఆమెను తప్పు పట్టను. ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు?

స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ల గురించి కూడా చెబుతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. బిళ్ల వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే, అది చూసి భయపడి పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు.

అమ్మాయిలతో పాటు తల్లులకు కూడా చెప్పాలని నేను పట్టుబట్టడానికి కారణం మా అమ్మ.

మా అమ్మకు పద్దెనిమిదికి నేను, ఇరవై ఒకటికి తమ్ముడు, ఇరవై రెండుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ముప్ఫై రెండేళ్లప్పుడు తెల్లబట్ట ఎక్కువవుతోందని, నడుం నొప్పని టౌనులో ఒక ఆస్పత్రికి వెళ్లింది. గర్భసంచి పాడైంది, వదిలేస్తే క్యాన్సరవుతుంది అన్నారు. పరీక్ష చేశారో లేదో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకది" అని మా నాయనమ్మ అంది. గేదెను అమ్మి ఆపరేషన్ చేయించారు. మర్నెల నుంచీ ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు నిద్ర లేదు. నలభై ఆరేళ్లకు వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని నేను నర్సింగులో చేరాక ఆ పాత కాగితం చదివితే తెలిసింది. అండాశయాలు పోతే ముట్లుడిగే దశ ముందే వచ్చేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ కాగితం పదేళ్లుగా మా ఇంట్లో బియ్యం డబ్బా మీదే ఉంది. చదివి చెప్పేవాళ్లే లేరు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ముందు చెప్పిన ఆ జాతీయ సర్వేలోనే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రాలో, తెలంగాణలో 8 మందికి పైనే ఉన్నారు. కొందరికి ఆ ఆపరేషన్ తప్పదు, నిజమే. కానీ తెల్లబట్ట కొంత అవడం సహజమనీ, దురద, వాసన, పచ్చదనం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, మందులతో తగ్గుతుందనీ తెలియకే ఎంతమంది టేబులెక్కారో. మొన్న ఒక తల్లి మీటింగులో అంతసేపూ మాట్లాడకుండా, అందరూ వెళ్లాక నా చెయ్యి పట్టుకుని, "వచ్చే సోమవారం ఆపరేషన్ నర్సమ్మా" అంది. ఇరవై తొమ్మిదేళ్లు. పీహెచ్‌సీలో మా డాక్టరమ్మకు చూపించాను. ఇన్ఫెక్షన్. ఆమెకూ భర్తకూ కలిపి మందులిచ్చారు, తగ్గింది. ముప్ఫై దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే చేస్తారు. క్యాన్సర్ భయముంటే ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి.

మీ అమ్మాయి సంగతికొస్తే, ఇవన్నీ చెబితే బుద్ధి పక్కదారి పడుతుందని మీ భయం. నేను చూసినంతలో అలా జరగలేదు. ఇవన్నీ తెలిసిన పిల్ల, ఎవరైనా వేయకూడని చోట చెయ్యి వేస్తే అది తప్పని గుర్తుపట్టి, పెద్దవాళ్లకు చెప్పగలిగింది. ఒక చీటీలో అలాంటి మాట వచ్చింది. ఎవరిదో ఆరా తీయకుండా, క్లాసు మొత్తానికీ పిల్లల సాయం కోసం ఉన్న 1098 ఫోన్ నంబరు బోర్డు మీద రాయించి, కావాలంటే నాతో విడిగా మాట్లాడమన్నాను. రెండు రోజులకు ఆ పిల్ల తనే సబ్ సెంటరుకు వచ్చింది.

హెడ్మాస్టరు గారిని అడిగి, తల్లులకు కూడా ఒక గంట పెట్టమనండి, మీరూ వెళ్లి కూర్చోండి. ఆ రాత్రి "ఏం చెప్పారమ్మా?" అని అమ్మాయిని అడగండి. మీకు తెలియనిది ఆమె అడిగితే, నాకూ తెలియదు, రేపు నర్సమ్మను అడుగుదాం అనండి. రేపటి నుంచే స్కూలు బ్యాగులో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు చిన్న సంచిలో పెట్టి, అవెందుకో చెప్పి పంపండి.