ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళల 1500 మీటర్ల పరుగు ప్రపంచ రికార్డు కంటే ఎందుకు నెమ్మదిగా సాగుతుంది?

2023 జూన్‌లో ఫ్లోరెన్స్‌లో కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ 3 నిమిషాల 49.11 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించింది. ఆగస్టులో బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచినప్పుడు ఆమె టైం 3:54.87. ఫామ్ పోయిందనుకోకండి, నాలుగు రోజులకే 5000 మీటర్ల స్వర్ణం కూడా ఆమెదే.

అసలు తేడా పేస్‌మేకర్లది, అంటే గెలవడానికి కాక వేగం నిలపడానికే ముందు పరిగెత్తి మధ్యలో తప్పుకునే రన్నర్లది. ఫ్లోరెన్స్‌లో మొదటి ల్యాపుల్లో వేగం పట్టి ఉంచడానికి వాళ్లున్నారు. ఛాంపియన్‌షిప్‌లో ఎవరూ ఉండరు. ముందు పరిగెత్తేవాళ్లు గాలిని తామే చీల్చుకుంటూ పోవాలి, వెనకున్నవాళ్లు శక్తి దాచుకుంటారు. అందుకే చాలా రేసులు మొదట నెమ్మదిగా సాగి, చివరి ల్యాప్‌లో ఒక్కసారిగా భగ్గుమంటాయి. అప్పుడు లోపలి లేన్‌లో, చుట్టూ మనుషుల మధ్య ఇరుక్కుంటే ఎంత స్ప్రింట్ ఉన్నా బయటపడటం కష్టం.

పైగా హీట్స్ (తొలి రౌండ్), సెమీస్, ఫైనల్ అంటూ నాలుగు రోజుల్లో మూడు పరుగులు. బుడాపెస్ట్‌లో నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్ మొదటి రోజు 1500 హీట్ పరిగెత్తి, అదే సాయంత్రం 10,000 మీటర్ల ఫైనల్‌లో ముగింపు గీతకు కొన్ని మీటర్ల ముందు పడిపోయింది. అయినా 1500లో కాంస్యం తెచ్చుకుంది. నాకైతే స్వర్ణం కంటే అదే గొప్పగా అనిపిస్తుంది.

ప్రతిసారీ ఇలాగే జరగదు. 2019 దోహా ఫైనల్‌లో ఇదే హసన్ పేస్‌మేకర్ లేకుండానే 3:51.95తో గెలిచింది.