ట్యూనర్ కార్డు ధ్వని ఎందుకు పరుగెత్తుతుంది?

ప్రశ్న: లినక్స్ కంప్యూటరులో పాత టీవీ ట్యూనర్ కార్డు పెట్టి కార్యక్రమాలు రికార్డు చేస్తున్నాను. బొమ్మ చక్కగా వస్తోంది గానీ గొంతులన్నీ సన్నబడి, అందరూ గబగబా మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. అరగంట రికార్డింగులో ధ్వని 22 నిమిషాలు నిండకుండానే అయిపోతోంది. కార్డు పాడైందా, లేక డ్రైవర్‌లో లోపమా? ఇప్పటికే చేసిన రికార్డింగులు దక్కుతాయా?

జవాబు: కార్డు పాడవలేదు. మీరు రాసిన నిమిషాల లెక్కలోనే జవాబు ఉంది. కార్డు ధ్వనిని అంకెలుగా మార్చేటప్పుడు సెకనుకు ఇన్నిసార్లని నమూనాలు తీస్తుంది. ఆ సంఖ్యే శాంప్లింగ్ రేటు. మీ కార్డు సెకనుకు 32,000 నమూనాలు ఇస్తుండగా, రికార్డు చేసే ప్రోగ్రామ్ అవి 44,100 చొప్పున వస్తున్నాయనుకుని ఫైలు మీద ఆ సంఖ్యే రాస్తోంది. అరగంటలో పోగైన నమూనాలను ఆ వేగంతో వినిపిస్తే 21 నిమిషాల 46 సెకన్లకు అయిపోతాయి. ప్రోగ్రామ్ 48,000 అనుకుని ఉంటే ధ్వని సరిగ్గా 20 నిమిషాలకే ఆగేది. సంగీతజ్ఞానం ఉన్నవారు గడియారం చూడకుండానే ఈ రెంటినీ వేరు చేయగలరు: 48,000 అనేది 32,000కు ఒకటిన్నర రెట్లు కాబట్టి ఆ పొరపాటులో షడ్జం కచ్చితంగా పంచమమై పలుకుతుంది, 44,100 అయితే శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ పడి ఏ స్వరానికీ చెందకుండా పోతుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడండి. లినక్స్‌లో ధ్వని వ్యవహారాలు చూసే ఆల్సాను ప్రోగ్రామ్ 44,100 కావాలని అడుగుతుంది. దానికి దగ్గరగా ఏది కుదిరితే అది ఇమ్మనే పద్ధతిలో అడిగినప్పుడు, కార్డు ఇవ్వగలిగింది 32,000 మాత్రమే అయితే ఆల్సా దాన్నే ఖరారు చేసి, ఖరారైన సంఖ్యను తిరిగి చెబుతుంది. ఆ సంఖ్యను చదవకుండా తాను అడిగినదే దొరికిందనుకున్న ప్రోగ్రామ్ దగ్గరే మీ చిక్కంతా మొదలైంది. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను 44,100కు ఒప్పించే మార్గం కోసం వెతకడం వృథా, ఎందుకంటే ఆ రేటు చిప్‌లో లేదు. ఎస్‌ఏఏ7134 చిప్ టీవీ ధ్వనిని 32,000 రేటున ఇస్తుంది. సీఎక్స్88 అనే మరో ట్యూనర్ చిప్‌ల కుటుంబానికి రాసిన ఆల్సా డ్రైవర్ 48,000 తప్ప మరొకటి ఒప్పుకోదు.

బీటీ878 అనే చిప్ వ్యవహారం వీటికన్నా చిత్రమైనది. దాని అనలాగ్ విధానంలో మూల గడియారం 17,92,000 హెర్ట్జ్. దాన్ని 4 నుంచి 15 వరకు ఉన్న అంకెల్లో ఒకదానితో భాగించగా వచ్చేదే రేటు. అంటే అతి తక్కువ రేటే 1,19,466 అవుతుంది, మాటలు వినడానికి అంత అవసరమే లేదు! డిజిటల్ విధానంలోనైతే రేటును నిర్ణయించేది కార్డు మీదున్న మరో ధ్వని చిప్. దాన్ని కొలిచే వీలు డ్రైవర్‌కు లేదు కనుక మామూలుగా 32,000 అని పెట్టుకుంటుంది. మీ కార్డుకు అది సరిపోకపోతే డ్రైవర్‌ను లోడ్ చేసేటప్పుడు అసలు రేటును మీరే ఇవ్వాలి. డ్రైవర్ చెప్పిన సంఖ్యను అనుమానించవలసిన చోటు ఇదొక్కటే.

రికార్డింగు నడుస్తుండగా ప్రోక్ డైరెక్టరీలో అసౌండ్ (/proc/asound) కింద మీ కార్డు క్యాప్చర్ విభాగాన్ని తెరిస్తే హెచ్‌డబ్ల్యూ పారామ్స్ (hw_params) అనే ఫైలు కనిపిస్తుంది. ఖరారైన రేటు అందులో ఉంటుంది. ప్రోగ్రామ్ అమరికలోనూ అదే సంఖ్య పెట్టండి. మీకు 48,000 ఫైలే కావాలంటే రికార్డింగు పూర్తయ్యాక ఒక్కసారి మార్చుకోవడం మేలు, ఎందుకంటే దారిలో ఆల్సా ఒకసారి, ప్రోగ్రామ్ మరోసారి మార్చితే నాణ్యత తగ్గడమే కాక, తేడా వచ్చినప్పుడు ఎవరు ఏం చేశారో తేల్చుకోవడం కష్టమవుతుంది.

పాత రికార్డింగులను పారేయకండి. వాటిలో నమూనాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఫైలు మీద రాసిన రేటు ఒక్కటే తప్పు. ధ్వనిని వేవ్ ఫైలుగా విడదీసి, నమూనాలను ముట్టుకోకుండా ఫైలు మొదట్లో ఉండే శీర్షికలోని 44,100ను 32,000గా దిద్దితే చాలు. ఇక్కడ రేటు మార్పిడి ఆదేశాన్ని వాడకూడదు. అది తప్పుడు వేగాన్నే నిజమనుకుని కొత్త నమూనాలు లెక్కగడుతుంది కాబట్టి గొంతులు అలాగే సన్నగా మిగిలిపోతాయి.

ప్రశ్న: సీడీలో 44,100 ఉన్నప్పుడు ట్యూనర్ కార్డులో 32,000 అంటే నాసిరకం కాదా?

జవాబు: అనలాగ్ టీవీ ధ్వనికి అది చాలు. ఏ రేటులోనైనా అందులో సగం వరకు ఉన్న పౌనఃపున్యాలే ఇముడుతాయి. 32,000లో సగం 16 కిలోహెర్ట్జ్, టీవీ ప్రసారం మోసుకొచ్చే ధ్వనేమో 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. యూరప్‌లోని పలు దేశాలు స్టీరియో ప్రసారానికి వాడిన నైకామ్ విధానంలో ధ్వని స్టేషన్ నుంచే 32,000 నమూనాలుగా బయలుదేరేది. దాన్ని 48,000కు పెంచితే ఫైలు పెరుగుతుందే తప్ప ధ్వనిలో కొత్తగా చేరేదేమీ ఉండదు.

ప్రశ్న: రేటు సరిగానే ఉంది. అయినా రెండు గంటల రికార్డింగు చివరికి వచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతోంది. ఎందుకు?

జవాబు: 32,000 అన్నది కాగితం మీది సంఖ్య. కార్డు గడియారాన్ని నడిపే క్రిస్టల్ పది లక్షలకు 50 వంతులు వేగంగా నడిచినా సెకనుకు 32,001.6 నమూనాలు వస్తాయి, రెండు గంటలకు తేడా 0.36 సెకను అవుతుంది. బొమ్మ స్టేషన్ గడియారాన్ని అనుసరించి వస్తుంది, ధ్వని నమూనాలు మీ కార్డు గడియారాన్ని అనుసరిస్తాయి. ఆ రెండూ ఒకటి కావు. తేడా నిలకడగా పెరుగుతుంటే కారణం ఇదే, కాబట్టి బొమ్మకూ ధ్వనికీ ఏ క్షణానివో తెలిపే సమయ ముద్రలు వేసి, వాటిని బట్టి ధ్వనిని సవరించుకునే ప్రోగ్రామ్‌ను వాడండి. తేడా ఉన్నట్టుండి ఒక్క గెంతులో వస్తుంటే మాత్రం అది గడియారాల గొడవ కాదు, దారిలో ఫ్రేములు జారిపోతున్నాయి. ముందుగా డిస్కు వేగమూ ప్రాసెసర్ మీది భారమూ చూసుకోండి.