వాటాల సంగతి ముందే తేల్చుకోండి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో నువ్వూ, నీతో చదివిన ఇంజనీర్లూ, నలుగురైదుగురు మేస్త్రీలూ కలిసి, పనిచేసేవాళ్ళే యజమానులుగా ఒక నిర్మాణ సంస్థ పెట్టాలనుకుంటున్నారని అమ్మ చెప్పింది. మీరు రాసుకున్న కాగితమూ చూశాను. లాభం ఎలా పంచుకోవాలో అందులో వివరంగానే ఉంది గానీ, మధ్యలో విడిచి వెళ్ళేవాడి వాటా ఏమవుతుందో ఎక్కడా లేదు. మొదటి టెండరు వేయకముందే తేల్చుకోవలసింది అదే.

సిడ్నీ ఒపేరా హౌస్ నిర్మాణానికి లెక్కలు కట్టిన ఆరప్ సంస్థను 1946లో ఓవ్ ఆరప్ లండన్‌లో ప్రారంభించాడు. ఇప్పుడు దాని యాజమాన్యం ఉద్యోగుల మేలు కోసం ఏర్పడిన ట్రస్టుల చేతిలో ఉంది కనుక, కొలువులో ఉన్నన్నాళ్ళు లాభంలో భాగం అందుతుందే తప్ప వెళ్ళేటప్పుడు అమ్ముకోవడానికి ఎవరికీ ఏమీ ఉండదు. అమెరికాలో 1898లో పుట్టి, 1986 నుంచి పూర్తిగా ఉద్యోగుల సొత్తయిన బర్న్స్ అండ్ మెక్‌డొనెల్‌ది వేరే దారి. అక్కడ వాటాలు ఉద్యోగి ఖాతాలో ఏటేటా జమవుతాయి. ఈ పద్ధతిలో పదవీ విరమణ చేసినవాడికి వాటా విలువ చెల్లించే భారం సంస్థదే గనుక, ఒకేసారి పదిమంది వెళితే ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది ముందే చూసుకోవాలి. మీలాంటి చిన్న సంస్థకు ఆ పోటు తట్టుకోవడం కష్టం.

మీకు దగ్గరి ఉదాహరణ కేరళలో ఉంది. వాగ్భటానందుడి సంస్కరణోద్యమంలో చేరినందుకు భూస్వాములు పని ఇవ్వకపోతే, వడకర ప్రాంతపు కూలీలు 1925లో ఊరాళుంగళ్ సంఘాన్ని పెట్టుకున్నారు. ఈ రోజు రోడ్లూ వంతెనలూ కట్టే ఆ సహకార సంఘమే, కొచ్చిలో పాలారివట్టం ఫ్లైఓవరు దెబ్బతిన్నప్పుడు ఢిల్లీ మెట్రో సంస్థ కింద దాన్ని తిరిగి కట్టి, 2021 మార్చి నాటికి వాహనాలకు సిద్ధం చేసింది.

మన పనిలో చిక్కంతా డబ్బు వచ్చే తీరులో ఉంది. ధరావతు ముందే కట్టాలి, ఎం.బి.లో, అంటే చేసిన పనిని కొలిచి రాసే పుస్తకంలో, కొలతలు ఎక్కి బిల్లు పాసయ్యేదాకా కూలీ చేతినుంచే ఇవ్వాలి, పైగా ప్రతి బిల్లులోనూ కొంత పట్టి ఉంచి, లోపాల బాధ్యత గడువు, అంటే కట్టినదాంట్లో లోపం తేలితే మనమే సరిచేయవలసిన కాలం, తీరాకే విడుదల చేస్తారు. ఈలోగా కల్వర్టు పక్క మట్టి వానకు జారితే మరమ్మతు ఖర్చు మీదే. వెళ్ళినవాడు లాభం పట్టుకుపోతే ఆ గుంత ఉన్నవాళ్ళు పూడ్చవలసి వస్తుంది. అందుకే వాటాను చివరి ఆడిటు లెక్కల విలువకే సంస్థ కొనాలనీ, అతడు చేసిన పనుల గడువు తీరాక వాయిదాల్లో చెల్లించాలనీ, బయటివాళ్ళకు అమ్మకూడదనీ నియమావళిలో రాయండి.

మామూలు భాగస్వామ్యం మాత్రం వద్దు. 1932 నాటి చట్టం కింద సంస్థ అప్పుకు మీ ఇళ్ళూ వాకిళ్ళూ జవాబు చెప్పుకోవాలి. సహకార సంఘమో ప్రైవేటు కంపెనీయో మీ ఇష్టం. నన్నడిగితే మనిషికి ఒక ఓటుండే సహకార సంఘమే మేలంటాను, రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఉంటే.

మేస్త్రీలను పేరుకు మాత్రమే సభ్యులను చేయకండి. మధ్యాహ్నం ఎండకు కాంక్రీటు బిగుసుకుంటుంటే, తోయడం తేలికవుతుందని ఒక బకెట్టు నీళ్ళు పోయించడం మన వైపు సైట్లలో మామూలే. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత క్యూబు పరీక్షలో, అంటే అదే కాంక్రీటుతో పోసిన దిమ్మను నొక్కి చూసినప్పుడు, బలం తగ్గిందని తెలిసేసరికి స్లాబు వేయడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, దాన్ని వెనక్కి తీసుకునేదెవరు? తన వాటాలోంచి కూడా ఆ నష్టం పోతుందని తెలిసిన మేస్త్రీ బకెట్టు ఎత్తినవాడి చెయ్యి పట్టుకుంటాడు. దినకూలీకి వచ్చినవాడు అంత తెగించి చెప్పలేడు. కాబట్టి నష్టం ఎలా పంచుకోవాలో లాభం పక్కనే రాయండి.

ముసాయిదాను ఆడిటరుకు చూపించి, తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, సంతకాలకు ముందు మేస్త్రీలకు చదివి వినిపించండి. సవర పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పగలవాణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇట్లు,
మామయ్య