క్లాసు కోసం కాదు, ఆ బల్ల కోసం చేరండి

ప్రశ్న: “మా విశ్వవిద్యాలయంలో విదేశీ భాషల, సాంస్కృతిక మార్పిడి కేంద్రం ఉంది. అక్కడ సర్టిఫికెట్ కోర్సులో చేరితే నిజంగా మాట్లాడటం వస్తుందా, కాగితం మాత్రమే మిగులుతుందా?”

కోర్సు వల్ల రాదు. కేంద్రం వల్ల వస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకుని ఫీజు కట్టి, ఏడాది తిరిగాక తిట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

పీజీ చదివే రోజుల్లో అలాంటి కేంద్రంలోనే జర్మన్ నేర్చుకున్నాను. పాఠాలు బాగానే చెప్పేవారు. కానీ ముప్ఫై మంది కూర్చున్న గదిలో గంటన్నర క్లాసు జరిగితే ఒక్కొక్కరి నోటికి అందేది మూడు నిమిషాలు. అదీ మాస్టారు ఆసాంతం మౌనవ్రతం పడితే! అలా నడిచిన క్లాసును నేనింతవరకు చూడలేదు.

నా నోరు తెరిపించింది టాండమ్. ఇద్దరు జతగా కూర్చుని సగం సేపు ఒకరి భాషలో, సగం సేపు మరొకరి భాషలో మాట్లాడుకోవడం. 1963లో ఫ్రాన్స్, జర్మనీ ఎలిసే ఒప్పందం చేసుకుని ఉమ్మడి యువజన కార్యాలయం పెట్టాక, రెండు దేశాల యువత కలిసే శిబిరాల్లో ఈ పద్ధతి వేళ్లూనుకుంది. వాళ్ల తండ్రులు ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. వాళ్ల మధ్య పనిచేసిన పద్ధతి మీకు పనిచేయదా?

నాకు జత కుదిరింది ఒక సెమిస్టర్ కోసం వచ్చిన జర్మన్ అమ్మాయితో. ఆమెకు తెలుగు కావాలి. మొదటి రోజే ఫోనులో అలారం పెట్టి బల్ల మధ్యలో ఉంచింది. మాటలకు కూడా తూకమా అని నాకు ఒళ్లు మండింది. ఒకరోజు తెలుగు వంతులో రైలు సంగతి చెబుతున్నాను. రాత్రి పూట ఏదో స్టేషన్‌లో మా తమ్ముడు సీసాలో నీళ్లు పట్టుకొస్తానని దిగాడు. కిటికీలోంచి కుళాయి దగ్గర వాడి వీపు కనిపిస్తోంది. ఇంజిన్ కూత వేసింది. రైలు కదిలింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు, నేను గొలుసు మీద చెయ్యి వేశాను... అలారం మోగింది.

ఆమె కుర్చీ అంచుకు జరిగి వింటోంది. అయినా ఫోను తీసి ఆపి, “ఇక జర్మన్‌లో” అంది. తమ్ముడు ఎక్కాడో లేదో తెలుసుకోవాలని ఆమెకూ ఉంది. కానీ ఆ రెండు నిమిషాలు కూడా తెలుగుకు ఇవ్వలేదు.

గొలుసు బొమ్మ కాగితం మీద గీశాను. వాడు ఎటు పరుగెత్తాడో వేళ్లతో చూపించాను. అడిగితే తప్ప ఒక్క మాట అందించలేదు మహాతల్లి. ఎలాగో కథను చివరికి లాక్కొచ్చాను. నేను గొలుసు పట్టుకుని వణుకుతూ ఉంటే వాడు పక్క పెట్టెలోంచి తీరిగ్గా నడిచొచ్చి, “నీళ్లు తాగుతావా?” అన్నాడు. ఆమె సరిగ్గా అక్కడే నవ్వింది. ఏ పరీక్షలోనూ నాకు అలాంటి మార్కులు రాలేదు.

చివర్లో నా తప్పులు రాసుకున్న కాగితం ఇచ్చింది. దాదాపు అన్నీ ఒకే రకం. ఎక్కడం, దిగడం, పరుగెత్తడం లాంటి క్రియలకు జర్మన్ భూతకాలంలో ‘హాబెన్’ అనే సహాయక క్రియ కాదు, ‘జైన్’ అనేది తోడు రావాలి. ఆ పాఠం నాకు ఎప్పుడో అయిపోయింది. కానీ మా తమ్ముడు రైలు దిగి, పరుగెత్తి, మళ్లీ ఎక్కాకే అది నాలుకకు పట్టింది.

ఇక్కడ నా సొంత సిద్ధాంతం ఒకటి. జర్మన్ చాలా కష్టమని ఇంగ్లీషు పుస్తకాలు బెదిరిస్తాయి. ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని వాళ్లకు బెంగ. క్రియను చివర పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య కదా! ఆ విషయంలో మనం ఇంగ్లీషు వాళ్లకంటే ముందే ఉన్నాం. ఎవరు కాదన్నా ఒప్పుకోను.

ఇక ‘సాంస్కృతిక మార్పిడి’ అనే రెండో సగం గురించి చెబితే నా రక్తపోటు పెరుగుతుంది. చాలా కేంద్రాల్లో దాని అర్థం ఏడాదికోసారి గోడల నిండా జెండాలు, తల మీద టోపీ, వేదిక మీద నృత్యం, ముఖ్య అతిథితో ఫొటో. మర్నాడు ఆ విదేశీ విద్యార్థులు క్యాంటీన్‌లో ఒంటరిగా తింటుంటారు. వాళ్ల పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. ఆ ఉత్సవానికి పెట్టే శ్రమలో పదో వంతు పెట్టి, సాయంత్రాలు ఒక గది తాళం తీసి ఉంచితే చాలు. ఆ తాళంచెవి మాత్రం ఎప్పుడూ సెలవులో ఉన్న మనిషి దగ్గరే ఉంటుంది!

మీరడిగిన కాగితం సంగతికి వస్తాను. అన్ని సర్టిఫికెట్లూ ఒకటి కాదు. జపనీస్‌కు పేరున్న జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగమూ లేదు, రాసే భాగమూ లేదు. చదవడం, వినడం, వ్యాకరణం, పదాలు, అంతే. నోరు విప్పకుండా అన్నిటికంటే పైదైన ఎన్1 దాకా వెళ్లిపోవచ్చు. గోథె సంస్థ పెట్టే జర్మన్ బీ1 (మధ్య స్థాయి) పరీక్షలో మాట్లాడటం విడి భాగం. నాలుగు భాగాల్లోనూ వందకు 60 రావాల్సిందే. అందుకే ఎవరైనా స్థాయి చెప్పగానే నేను ‘ఏ పరీక్ష?’ అని అడుగుతాను.

“ఎన్ని నెలల్లో వస్తుంది?” అని చేరిన రోజే అడిగేవాళ్లకు ఒక లెక్క. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు జపనీస్‌లో ఉద్యోగానికి సరిపడా స్థాయికి రావాలంటే 88 వారాలు, 2200 తరగతి గంటలు కావాలి. వారానికి నాలుగు గంటల క్లాసుతో అది పదేళ్లు దాటుతుంది. జపనీస్‌లోనూ క్రియ చివరే కాబట్టి మనకు కొంత తగ్గించుకోండి. అయినా మిగిలిన గంటలను సర్టిఫికెట్ కోర్సు ఇవ్వదు. అవి ఆ బల్ల దగ్గరే దొరకాలి.

కాబట్టి ఫీజు కట్టేముందు ఆఫీసులో సిలబస్ అడగకండి. ఈ సెమిస్టర్‌లో మీరు నేర్చుకోబోయే భాష మాట్లాడే ఎక్స్ఛేంజ్ విద్యార్థులు ఎంతమంది వచ్చారు, జతలు కుదిర్చేది ఎవరు, గది సాయంత్రం ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది, ఇవి అడగండి. దరఖాస్తులో ‘తెలిసిన భాషలు’ అనే గడి వస్తుంది. మనవాళ్లు చాలామంది అక్కడ ఇంగ్లీషు ఒక్కటే రాసి ఊరుకుంటారు. మీరు తెలుగును మొదట రాయండి. ఆ జర్మన్ అమ్మాయికి తెలుగు కోసం వెతికితే మా బ్యాచ్ మొత్తంలో దొరికింది నా దరఖాస్తు ఒక్కటే.